సిరామిక్ కడ్డీల వంపు బలం పరీక్షించే యంత్రం: ఏడాది వాడకం తర్వాత

అల్యూమినా, జిర్కోనియా కడ్డీల వంపు బలాన్ని కొలవడానికి 5 కిలోన్యూటన్ల సామర్థ్యం గల, బల్లమీద అమర్చుకొనే పరీక్షా యంత్రాన్ని, దానితోపాటు కడ్డీని కింద రెండు, పైన రెండు రోలర్ల నడుమ ఉంచి వంచే నాలుగు బిందువుల ఫిక్స్చర్‌ను తీసుకొని ఏడాది దాటింది. కొనేటప్పుడు మేము యంత్రం తెరను, సాఫ్ట్‌వేర్‌ను చూసి మురిసిపోయాము గాని, ఫలితాల నాణ్యతను నిర్ణయించేది అరచేతిలో ఇమిడే ఆ ఫిక్స్చరేనని వాడుతున్నకొద్దీ తెలిసివచ్చింది.

మా కడ్డీలు 3×4×45 మిల్లీమీటర్ల కొలతవి. కింది రోలర్ల మధ్య 40, పై రోలర్ల మధ్య 20 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. పైన నడిమిలో ఒక్క రోలరే ఉండే మూడు బిందువుల పద్ధతిలో గరిష్ఠ ప్రతిబలం (పదార్థం లోపల ఒక్కో వైశాల్యం మీద పడే బలం) నడిమి గీత దగ్గర మాత్రమే ఏర్పడుతుంది కనుక, కాస్త పక్కనున్న పెద్ద లోపం కూడా పరీక్షకు చిక్కకుండా తప్పించుకోగలదు. నాలుగు బిందువుల పద్ధతిలోనైతే పై రోలర్ల నడుమ అడుగు ముఖమంతా ఒకే ప్రతిబలానికి లోనవుతుంది. అందుకే వైబుల్ మాడ్యులస్ (నమూనాల బలాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పే అంకె) 10 ఉన్న పదార్థం, లోపాలు దాని ఘనపరిమాణమంతటా ఉన్నప్పుడు, అదే 40 మిల్లీమీటర్ల దూరం మీద మూడు బిందువుల పరీక్షలో సుమారు 20 శాతం ఎక్కువ బలంగా కనిపిస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని బలం అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

ఈ ఫిక్స్చర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి రోలర్లు. గట్టిపరచిన ఉక్కుతో చేసిన 4.5 మిల్లీమీటర్ల రోలర్లను మెత్తని స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. కడ్డీ వంగుతున్నప్పుడు కింది రోలర్లు బయటికి, పై రోలర్లు లోపలికి స్వేచ్ఛగా దొర్లుతాయి. మా పాత ఫిక్స్చర్‌లో రోలర్లు గాడిలో బిగిసిపోయి ఉండేవి. ఆ ఘర్షణ వల్ల బలం ఉన్నదానికంటే ఎక్కువగా నమోదవుతుండేది. పైగా కొత్త ఫిక్స్చర్‌లో రోలర్ల జత కొద్దిగా వాలి కడ్డీ ముఖానికి సర్దుకుంటుంది. చక్కగా సానపట్టిన కడ్డీలకు ఈ సర్దుబాటు చాలు. కొలిమి నుంచి నేరుగా వచ్చిన, కొంచెం మెలిక తిరిగిన కడ్డీలకు మాత్రం ప్రతి రోలరూ విడిగా వాలగలిగే ఫిక్స్చర్ కావాలి.

సాఫ్ట్‌వేర్ విషయంలో గట్టి హెచ్చరిక అవసరం. మొదటి విడతలో 350 మెగాపాస్కల్‌ల దగ్గర ఉండవలసిన అల్యూమినాకు తెరమీద 700 కనిపించింది. నాలుగు బిందువుల ఫిక్స్చర్ బిగించినా సాఫ్ట్‌వేర్‌లో మూడు బిందువుల సూత్రమే ఎంపికై ఉండటం దానికి కారణం. మా దూరాలకు ఆ సూత్రం సరిగ్గా రెట్టింపు విలువ ఇస్తుంది. తయారీదారు పంపిన పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేకపోవడం క్షమించరాని లోపం. మందం విలువను కూడా జాగ్రత్తగా నమోదు చేయాలి, ఎందుకంటే సూత్రంలో మందం వర్గంగా వస్తుంది కనుక 3 మిల్లీమీటర్లలో 0.03 తేడా వచ్చినా బలంలో 2 శాతం తేడా వస్తుంది.

భారాన్ని కొలిచే లోడ్ సెల్ ఎంపిక మాకు సరిపోయింది. మా కొలతల్లో 350 మెగాపాస్కల్‌లకు 420 న్యూటన్‌లు చాలు. 50 కిలోన్యూటన్‌ల సెల్ తీసుకొని ఉంటే ఈ భారాలన్నీ దాని పరిధిలో అట్టడుగున పడేవి. నిమిషానికి 0.5 మిల్లీమీటర్ల వేగాన్ని క్రాస్‌హెడ్ (కడ్డీని నొక్కే, కదిలే అడ్డపట్టీ) తడబాటు లేకుండా నిలుపుతోంది.

కడ్డీ విరిగినప్పుడు ముక్కలు ఎగిరిపడతాయి, కాని యంత్రంతో రక్షణ తొడుగు రాలేదు. పగులు ఎక్కడ మొదలైందో సూక్ష్మదర్శినిలో చూడాలంటే ఆ ముక్కలన్నీ దొరకాలి కనుక, మేమే పారదర్శక పెట్టె చేయించి అడుగున మెత్తని గుడ్డ పరిచాము. విడి స్ప్రింగులు కూడా ఇవ్వలేదు. ఆర్నెల్లకే రెండు సాగిపోయాయి. నేల పలకలు పరీక్షించేవారికి రబ్బరు తొడిగిన ఆధార కడ్డీలతో మరో ఫిక్స్చర్ విడిగా దొరుకుతుంది, దాన్ని మేము వాడలేదు. సానపట్టిన కడ్డీలతో, ఒక్కో విడతకు 30 నమూనాలు విరిచి వైబుల్ విశ్లేషణ (బలాల చెదురును గణాంకంగా లెక్కించడం) చేసే ప్రయోగశాలలకు ఈ జతను నిస్సంకోచంగా సూచిస్తాను; ఆర్డరు ఇచ్చేటప్పుడే రక్షణ తొడుగును, రెండు జతల విడి స్ప్రింగులను అడిగి రాయించుకోండి.