ప్యాకెట్ బాదం ఆకులు: విజయనగరం బోరు నీళ్లలో ఎంతవరకు పనికొస్తాయి?

అక్వేరియం షాపుల్లోనూ ఆన్‌లైన్లోనూ 'కటప్పా లీవ్స్', 'ఇండియన్ ఆల్మండ్ లీవ్స్' అని చేపల ట్యాంకులో వెయ్యడానికి అమ్మే ఎండుటాకు మరేదో కాదు. బడి ఆవరణల్లో, కలింగపట్నం, చింతపల్లి తీరాల వైపు ఇళ్ల ముందు గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టు ఆకే. మనం నానబెట్టుకు తినే బాదంపప్పు చెట్టు వేరు. ఇది టెర్మినేలియా కటప్పా. ఆన్‌లైన్లో తెప్పించిన 10 ఆకుల ప్యాకెట్, కొరియర్ ఖర్చు కలిపితే 200 రూపాయలు దాటింది. ఆ డబ్బుకు తగ్గ సరుకేనా అన్నదే ఈ రివ్యూ.

ఆకులు 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్నాయి. తొడిమలు కత్తిరించి, తుడిచి, జిప్ కవర్లో పెట్టారు. పురుగు గూళ్లు, పిట్టరెట్టలు, బూజు ఏమీ లేవు. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. ఎనిమిది ఆకులు ఒకే తీరున ఇటుకరంగులో, వేళ్ల మధ్య నలిపితే పెళపెళలాడేలా ఉన్నాయి. ఒకటి దారిలో ముక్కలైంది. అది నష్టమేమీ కాదు, చిన్న జార్లకు పనికొస్తుంది. మిగిలిన ఒక్కటే చిక్కు. అది పచ్చబూడిద రంగులో ఉంది, అంటే పచ్చిగా కోసి ఎండబెట్టినది. చెట్టు ఆకును రాల్చే ముందు అందులోని నత్రజనిని, చక్కెరలను చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. పచ్చిగా కోసిన ఆకులో అవన్నీ అలాగే ఉండిపోతాయి. నీళ్లలో పడగానే బ్యాక్టీరియా వాటి మీద విరుచుకుపడుతుంది, రెండు రోజుల్లో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబారి వాసనొస్తాయి. ఏ ప్యాకెట్ కొన్నా ఇలాంటి ఆకుల్ని ముందే ఏరి పారెయ్యాలి.

ఇక లేబుల్ మీద రాసినవి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గిస్తుందని, రోగాలు నయం చేస్తుందని, చేపకు రంగు తెస్తుందని ఉంది. కొనేవాళ్లలో ఎక్కువమంది మొదటి మాట చూసే కొంటారు. మన జిల్లాల్లో తిరగబడేది కూడా అదే.

ఆకులోంచి దిగే టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు బలహీనమైన ఆమ్లాలు. నీళ్లలో బైకార్బొనేట్లు దండిగా ఉంటే ఆ ఆమ్లాన్ని అవే మింగేస్తాయి. నీళ్లకు టీ రంగు వస్తుంది, పీహెచ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ బైకార్బొనేట్ల కొలతే కేహెచ్. మీ ఇంట్లో బకెట్ అడుగున, గీజరు కాయిల్ మీద తెల్లగా సుద్ద కడుతోందంటే కేహెచ్ ఎక్కువనే లెక్క. నీళ్ల పరీక్షకు వాడే చుక్కల కిట్‌తో ఒకసారి కొలవండి. కేహెచ్ 3, 4 డిగ్రీల లోపుంటే ఆకు ప్రభావం పీహెచ్ మీద కనబడుతుంది. 8 దాటితే 10 ఆకులూ ఒకేసారి వేసినా కదలదు. కదలడం లేదని ఇంకా ఇంకా వేస్తూ పోతే కుళ్లే సరుకు పెరిగి ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

దీనికి విరుగుడు నీళ్లలోనే ఉంది. బోరు నీళ్ల కేహెచ్ 12 ఉందనుకుందాం. ఒక వంతు బోరు నీళ్లకు మూడు వంతులు ఆర్వో నీళ్లు కలిపితే 3కి దిగుతుంది. తాగే నీళ్ల ఆర్వో యంత్రంలో మినరల్ కాట్రిడ్జ్ గానీ టీడీఎస్ కంట్రోలర్ గానీ ఉంటే కేహెచ్ మళ్లీ పైకి వస్తుంది కాబట్టి కలిపే ముందు ఆ నీళ్లనూ కొలవాలి. పక్క గొట్టంలోంచి పోయే వృథా నీళ్లు బోరు నీళ్లకన్నా గట్టివి (ఖనిజాలు ఎక్కువున్నవి), వాటిని ట్యాంకులో పోయొద్దు. ఆర్వో బదులు వాన నీళ్లు పట్టుకునేవాళ్లు డాబా కడిగేదాకా మొదటి వానను వదిలెయ్యాలి. అలాగని కేహెచ్‌ను సున్నాకు దించకూడదు. 2 కంటే తగ్గితే పీహెచ్ ఒక్కసారిగా జారిపోయే ప్రమాదముంది. పీహెచ్ 6 దిగువకు పోతే ఫిల్టర్లో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా బాగా మందగిస్తుంది.

ఒక జాగ్రత్త. టీ రంగు నీళ్లలో పీహెచ్ చుక్కల కిట్ రంగు తప్పుగా కనబడుతుంది. చుక్కలు వెయ్యని ట్యాంకు నీళ్లు ఇంకో గాజు గొట్టంలో పోసి, రంగుల కార్డు ముందు పెట్టి, దానిలోంచి కార్డును చూస్తూ పోల్చాలి.

వాడే పద్ధతి తేలికే. 15–20 సెంటీమీటర్ల ఆకు ఒకటి 40–50 లీటర్లకు సరి. రెండడుగుల ట్యాంకు (2×1×1) నిండా పోస్తే 56 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను 45 పడతాయి. దానికి ఒక్క ఆకుతో మొదలుపెట్టి, వారం చూసి, రంగు ఇంకా కావాలంటే రెండోది వెయ్యండి. ఫైటర్ చేప (బెట్టా) ఉండే 5 లీటర్ల జారుకు అగ్గిపెట్టె అంత ముక్క చాలు. స్టీలు గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, దించి, ఆకు ముంచి, మూతపెట్టి 15 నిమిషాలు ఉంచండి. ఇనుప మూకుడు వద్దు. టానిన్ ఇనుముతో కలిస్తే నీళ్లు నల్లబడతాయి. అరగంట ఉడికిస్తే మనకు కావలసిన సారమంతా గిన్నెలోనే దిగిపోతుంది. వేడినీళ్లలో నానిన ఆకు ఆ రోజే మునుగుతుంది, ఊరికే వేస్తే రెండు మూడు రోజులు తేలుతుంది. ఫైటర్ జోడీ పెట్టే ట్యాంకులో మాత్రం తేలనివ్వడమే మేలు. మగచేప ఆ ఆకు కిందే బుడగల గూడు కడుతుంది.

మూడో రోజు నుంచి పదో రోజు దాకా ఆకు మీద తెల్లటి జిగురు పొర కడుతుంది. షాపువాళ్లకు ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది దీని గురించే. ఇది రోగం కాదు. బ్యాక్టీరియా, శిలీంద్రాలు ఆకును తింటున్నాయి. చెర్రీ శ్రింప్ (చిట్టి రొయ్యలు), నత్తలు ఆ పొరను ఇష్టంగా గీకి తింటాయి, కొత్తగా పుట్టిన చేపపిల్లలకు అక్కడ పుట్టే సూక్ష్మజీవులే మొదటి మేత. తీసి పారెయ్యాల్సింది ఆకు నల్లగా ముద్దయి కోడిగుడ్డు కుళ్లిన వాసనొచ్చినప్పుడు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆకు ఈనెలు మాత్రమే జల్లెడలా మిగులుతాయి. అప్పుడు ఒక్కొక్కటే మార్చాలి, అన్నీ ఒకేసారి కాదు. ముక్కలు ఫిల్టర్ నోట్లో ఇరుక్కుంటాయి, దానికి స్పాంజి తొడుగు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, పైగా కరెంటు పోతే పంపు ఆగుతుంది. ఆ రెండు నెలలు సగం మోతాదే వెయ్యండి.

రోగాలు నయం చేస్తుందన్నది అతి. ఈ ఆకు సారం కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుతుందని ప్రయోగశాలల్లో చూశారు. అంతమాత్రాన 45 లీటర్లలో ఒక ఆకు మందు అయిపోదు. తెల్లమచ్చ రోగానికి మందు వేసి తీరాలి. మందు వేసే రోజుల్లో ఆకును, ఫిల్టర్లో ఉండే యాక్టివేటెడ్ కార్బన్‌ను (బొగ్గు) బయటికి తియ్యాలి. రంగు సంగతికొస్తే, ఫైటర్లు, టెట్రాలు, డిస్కస్, చాక్లెట్ గౌరామీ లాంటి మెత్తటి నీళ్ల చేపలు ఈ మసక వెలుగులో భయం తగ్గి చక్కగా తిరుగుతాయి, రంగు తేరుతాయి. గప్పీలు, మోలీలు, మలావీ సిక్లిడ్లు గట్టి నీళ్లవి, వాటికి దీనితో పనిలేదు.

మరి డబ్బు పెట్టాలా? ప్యాకెట్ ఆకునూ చెట్టు కింద రాలిన ఆకునూ చెరో లీటరు వేడినీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి పక్కపక్కన పెడితే రంగులో తేడా తెలియలేదు. ప్యాకెట్‌కు మనం కట్టే డబ్బు ఏరివేతకూ శుభ్రతకూ. బాదం ఆకులు చలికాలం చివర్లో, సంక్రాంతి దాటాక, ఎర్రగా పండి రాలతాయి. పొద్దున్నే రాలినవాటిని ఏరి, రెండు వైపులా కడిగి, నీడలో వారం ఆరబెడితే ఏడాదికి సరిపడా సరుకు ఉచితం. జాతీయ రహదారి 16 పక్కన, మురుగు కాలవల దగ్గర ఏరొద్దు. సముద్రం ఒడ్డువైతే ఉప్పు పోయేలా రెండుసార్లు కడగాలి.

పెరటి జామ, పనస, మామిడి ఎండుటాకులూ పనికొస్తాయి, మందు కొట్టనివైతేనే. మామిడి తోటల్లో పూత సమయంలో పురుగుమందు కొడతారు, ఆ ఆకు ఒక్కటి చాలు శ్రింప్ మొత్తం తుడిచిపెట్టుకుపోవడానికి. వేప, గన్నేరు, నీలగిరి ఆకులు అసలే వద్దు. ఉద్దానం వైపు చేతికందే జీడి ఆకు జోలికీ పోవద్దు. గింజ పెంకులోనే చర్మాన్ని కాల్చే నూనె ఉన్న చెట్టు అది.

చెట్టు దగ్గరలో లేనివాళ్లకు, ఒకటి రెండు ఫైటర్ జార్లున్నవాళ్లకు ఈ ప్యాకెట్ న్యాయమైన కొనుగోలే. ఐదుకు మూడున్నర. సీసాల్లో అమ్మే ఆకు సారం రంగు మాత్రమే ఇస్తుంది, శ్రింప్‌కు మేతా ఇవ్వదు, పిల్లలకు చాటూ ఇవ్వదు. దానికి రెండే.

తెరిచిన ప్యాకెట్ మన వానాకాలంలో నెల తిరక్కుండా బూజు పడుతుంది. రెండు గంటలు ఎండలో పెట్టి, న్యూస్‌పేపర్లో చుట్టి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వెయ్యండి. బూజు మచ్చ కనబడిన ఆకును కడిగి వాడొద్దు, తీసెయ్యండి.