అమరావతి మ్యూజియమా, నాగార్జునకొండ మ్యూజియమా: ఏది మేలు?

కృష్ణాతీరపు బౌద్ధ శిల్పాన్ని తొలిసారి చూడబోతూ ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవలసివస్తే, ఒక రోజంతా కేటాయించగలవారిని నేను నాగార్జునకొండకే వెళ్లమంటాను.

అమరావతిది సులువైన దారి. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. మ్యూజియం చిన్నది, మహాచైత్యం (ఒకనాటి పెద్ద బౌద్ధ స్తూపం) దిబ్బ దానికి దగ్గర్లోనే ఉంది. అయితే 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్ప ఫలకాలు మద్రాసుకు, అక్కడి నుంచి వాటిలో చాలా భాగం లండన్‌కు తరలిపోయాయి. ఆ తరువాత దొరికినవాటిలోనూ ఎన్నో మద్రాసుకే చేరాయి. అందువల్ల ఇక్కడ బొమ్మలు చూస్తున్నా కథ మధ్యమధ్యలో తెగిపోతుంది. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధ విగ్రహం, ఆవరణలోని స్తూప నమూనా మాత్రం తప్పక చూడదగినవి. స్తూపంలో ఏ రాయి ఎక్కడ నిలిచేదో ఆ నమూనా చూస్తే పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతుంది.

నాగార్జునకొండ సంగతి వేరు. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని ముందే తెలియడంతో 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ఎక్కువ భాగాన్ని, ఇప్పుడు ద్వీపంగా మారిన ఆ కొండమీదే భద్రపరిచారు. ఒకప్పుడు ఈ లోయ నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు శిల్పం ఒకేచోట ఇంత విస్తారంగా కనబడడమే దీని బలం. అక్కడి పొడవాటి రాతి పట్టీల ముందు నిదానంగా నిలబడాలి: బుద్ధుని జీవితఘట్టాలు వరుసగా సాగుతుంటాయి, ఒక ఘట్టానికీ మరొకదానికీ నడుమ ఇరుకైన గడిలో ఒక మిథునం (స్త్రీపురుషుల జంట) నిలబడి ఉంటుంది. ఆ జంట దగ్గర ఒక ఘట్టం ముగిసిందని పసిగడితే, శాసనం చదవలేనివారు కూడా కథను వెంబడించగలరు. ఇక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టిన రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి పేరు, స్తూపం నాలుగు వైపులా అరుగులపై నిలిపే ఆయక స్తంభాల శాసనాల్లో నేటికీ ఉంది.

చిక్కల్లా లాంచీతోనే. మనకు తీరిక ఎంత ఉన్నా, తిరుగు లాంచీ వేళకు రేవు చేరవలసిందే కాబట్టి మొదటి లాంచీకే బయలుదేరడం మంచిది. గాలివాన రోజుల్లో లాంచీ నడుస్తుందో లేదో ముందుగా కనుక్కోవాలి. పెద్దవారు, పసిపిల్లలు వెంట ఉంటే, పూట మాత్రమే వీలుంటే అమరావతే మేలు. రెండింటికీ శుక్రవారం సెలవు.

అమరావతి చూసి తృప్తి చెందనివారు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాలి. ఆ స్తూపపు మేలైన ఫలకాలు ఎన్నో అక్కడ ఉన్నాయి.