బెజవాడ ఎండకు ఏ నీటి మొక్క మేలు: ఆనుబియాసా, జావా ఫెర్నా, క్రిప్టా?

హాల్లో ఓ మూల అక్వేరియం పెట్టి, వెలుతురు చాలదని ప్లాస్టిక్ ఆకులతో సరిపెట్టుకునేవాళ్ళు చాలామంది. మామూలు ఎల్ఈడీ లైటుకే బతికే మొక్కలు ఉన్నాయి. విజయవాడలో అసలు చిక్కు వెలుతురు కాదు, వేడి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. అందుకని మే నెలను తలచుకుని మొక్క కొనాలి.

ఆ లెక్కన నా ఓటు ఆనుబియాస్ నానాకే. పశ్చిమ ఆఫ్రికా మొక్క. ఆకు ఎంత బిరుసంటే, దొరికిందల్లా కొరికే గోల్డ్ ఫిష్ కూడా దీని జోలికి పెద్దగా రాదు. పెరగడం మాత్రం నత్తనడకే, నెలకు ఒకటి రెండు ఆకులు వేస్తే గొప్ప. ఒక్కో ఆకు చాలాకాలం ఉంటుంది కాబట్టి, లైటు ఎక్కువైతే దాని మీద పచ్చటి నాచు చుక్కలు పడతాయి, వేలితో రుద్దినా వదలవు. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు.

జావా ఫెర్న్ చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది, పెరుగుదల కూడా కాస్త నయం. కానీ ఆగ్నేయాసియా వాగుల్లో రాళ్ళను పట్టుకుని పెరిగే రకం కదా, 28 డిగ్రీలు దాటిన నీళ్ళలో రోజుల తరబడి ఉంటే డీలా పడుతుంది. ఏసీ నడిచే గదైతే ఇదే తెచ్చుకోండి. ఆకు అడుగున వరసగా నల్ల చుక్కలు కనబడితే రోగమనుకుని కత్తిరించకండి, ఫెర్న్ జాతి మొక్కలకు అవే విత్తనాల లాంటివి. ముదురు ఆకుల మీద సన్నటి వేళ్ళతో పిల్ల మొక్కలు కూడా పుడతాయి. తెంపి ఇంకో రాయికి కట్టుకుంటే మరో మొక్క, పైసా ఖర్చు లేకుండా.

ఈ రెండిటికీ అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుంది. నైలాన్ దారంతో రాయికో, చెక్కకో కట్టాలి.

ఇక శ్రీలంక క్రిప్టుది (పూర్తి పేరు క్రిప్టోకొరైన్) వేరే దారి, దాన్ని ఇసుకలోనే నాటాలి. నాటిన వారం పది రోజుల్లో ఆకులన్నీ కరిగిపోయి టెన్షన్ పెడుతుంది. పీకేయకండి, వేళ్ళు బాగుంటే మళ్ళీ చిగురేస్తుంది. బోరు నీళ్ళు హార్డ్ వాటరైనా సర్దుకుపోతుంది. గోల్డ్ ఫిష్ ఉన్న ట్యాంకులో మాత్రం వద్దు, ఇసుక తవ్వి పీకేస్తాయి.

ఏ మొక్క పెట్టినా, ఎండాకాలంలో ఆవిరైన మేరకు బోరు నీళ్ళే పోస్తూ పోకండి. ఆవిరయ్యేది నీళ్ళే, లవణాలు ట్యాంకులోనే పేరుకుంటాయి. వారానికోసారి కొంత నీరు తీసి కొత్తది పోయాలి. కార్పొరేషన్ నీళ్ళయితే ముందు క్లోరిన్ విరిచే మందు కలపాలి.

షాపులో ఆనుబియాస్ కాండాన్ని వేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగబడి వాసన కొడితే, ఆకులెంత పచ్చగా ఉన్నా వదిలేయండి. పక్కనే లక్కీ బాంబూని కూడా నీటి మొక్కంటూ అంటగట్టబోతారు. పూర్తిగా ముంచితే అది కొన్నాళ్ళకు కుళ్ళడం ఖాయం.