నెల సరుకులకు సూపర్ మార్కెట్: ఇరవై ఏళ్లు వాడాక నా సమీక్ష

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా మా ఇంటి నెల సరుకులు చాలావరకు సూపర్ మార్కెట్లలోనే కొంటున్నాం. ఆఫర్ల గురించి, డిస్కౌంట్ల గురించి చాలామంది రాస్తుంటారు. నాకు మాత్రం వాటన్నిటికంటే విలువైన సుఖం ఇంకొకటి ఉంది. వస్తువు చేతిలోకి తీసుకుని, ధర చూసి, వద్దనుకుంటే ఎవరికీ జవాబు చెప్పకుండా మళ్లీ అక్కడే పెట్టేయొచ్చు.

కిరాణా కొట్టులో సరుకంతా కౌంటరు వెనకాల ఉంటుంది. చీటీ రాసిస్తే తూచి, పొట్లాలు కట్టి ఇస్తారు. ఏ రకం పప్పు, ఏ కంపెనీ సబ్బు అన్నది సగం కొట్టాయనే తేల్చేస్తాడు. ధర అడిగాక ‘అంత రేటా, వద్దులే’ అనాలంటే మా అమ్మకు మొహమాటం. పక్కన నలుగురు నిలబడి ఉంటే అసలు అడిగేదే కాదు. అదే అమ్మ సూపర్ మార్కెట్‌లో రెండు జీలకర్ర ప్యాకెట్లు పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, తయారీ తేదీ చదివి, ఖరీదైనది వెనక్కి పెట్టేస్తుంది. ఇక శానిటరీ ప్యాడ్లు అడగడానికి గొంతు తగ్గించి, పేపర్లో చుట్టించుకుని తెచ్చుకోవాల్సిన అవస్థ మా అమ్మాయికి తెలియనే తెలియదు. ఈ ఒక్కదానికే నేను సూపర్ మార్కెట్లకు మంచి మార్కులు వేస్తాను.

అయితే దుకాణం మీద నమ్మకం పెట్టుకోవడం వేరు, దాని బోర్డు మీద నమ్మకం పెట్టుకోవడం వేరు. మన ఊరి త్రినేత్ర సూపర్ మార్కెట్లు బిర్లా గ్రూపు చేతికి వెళ్లి 2007లో ‘మోర్’ అయ్యాయి. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతటా వెయ్యికి పైగా దుకాణాలు తెరిచి, 2009 నాటికి మూతబడింది. కిశోర్ బియానీ 2001లో మొదలుపెట్టిన బిగ్ బజార్‌ది ఇంకా పెద్ద కథ. అప్పులు పెరిగి, అద్దెలు కట్టలేక, 2022లో చాలా దుకాణాలు రిలయన్స్ చేతిలోకి వెళ్లాయి. అందుకే నా సలహా ఒకటే. పాయింట్ల కార్డులు, గిఫ్ట్ వోచర్లు దాచుకోకండి, వచ్చిన నెలలోనే వాడేయండి.

2002లో ముంబైలోని పవాయ్‌లో మొదలైన డీమార్ట్ మాత్రం ఈ తుఫాన్లన్నీ తట్టుకుంది. దాని లెక్క వేరు. వీలైనంతవరకు దుకాణం సొంతదే, కాబట్టి అద్దె బాధ తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బు త్వరగా చెల్లిస్తుంది కాబట్టి వాళ్లు రేటు తగ్గిస్తారు. హంగులుండవు, రకాలు కూడా పరిమితమే. బియ్యం, పప్పులు, నూనె, సబ్బుల వరకు నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. నూనె ప్యాకెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. ఈ మధ్య అదే సైజులో కనిపించే ప్యాకెట్లలో 850 గ్రాములవి, ఇంకా తక్కువవి కూడా వస్తున్నాయి. 910 గ్రాములది 145 రూపాయలు, 850 గ్రాములది 140 అనుకోండి. చూడగానే రెండోదే చవక అనిపిస్తుంది. కిలో లెక్కన చూస్తే మొదటిది 159, రెండోది దాదాపు 165. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎమ్మార్పీ కంటే ముందు అది చదవండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్నది కూడా నిజం కాదు. డిటర్జెంట్ పౌడర్లలో రెండు చిన్న ప్యాకెట్లే లాభంగా ఉండడం నేను చాలాసార్లు చూశాను.

బిల్లు కూడా అక్కడికక్కడే చూసుకోవాలి. ఒక దుకాణంలో షెల్ఫ్ దగ్గర నెయ్యికి ఆఫర్ ధర అంటించి ఉంది, బిల్లులో పూర్తి ఎమ్మార్పీ పడింది. అడిగితే ‘సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదు మేడమ్’ అన్నారు. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కున్నా నేను కదల్లేదు, తేడా డబ్బు ఇచ్చాకే వచ్చాను. వాళ్లు ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. లైన్లో ఉన్నవాళ్ల చూపులకు జంకి వదిలేసే పదీ ఇరవై రూపాయలన్నీ కలిస్తే ఎవరికి లాభమో ఆలోచించండి.

సూపర్ మార్కెట్‌లో దొరకనివీ ఉన్నాయి. నెలాఖరున చేతిలో డబ్బు లేకపోతే ఖాతా రాసుకునేది కిరాణా ఆయనే. పది రూపాయల చింతపండు, నాలుగు కోడిగుడ్లు ఇచ్చేదీ ఆయనే. ‘ఈసారి కందిపప్పు సరిగ్గా ఉడకట్లేదమ్మా, వచ్చేవారం కొత్త సరుకు వస్తుంది, అప్పుడు తీసుకోండి’ అని నాకు ఏ సూపర్ మార్కెట్‌లోనూ ఎవరూ చెప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో మా వీధికి పాలు, ఉప్పు, పప్పు అందించింది ఆ కొట్టే. రోజు కూలి మీద బతికే ఇంటికి ఐదు కిలోల ప్యాకెట్ మీద తగ్గింపు ఏం పనికొస్తుంది? ఒకేసారి అంత డబ్బు పెట్టగలిగినవాళ్లకే ఆ లాభం. కూరగాయలకైతే నేను రైతుబజారుకే వెళ్తాను. 1999లో మొదలైన ఈ బజార్లలో ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటాయి, తాజాదనంలోనూ ఏసీ దుకాణం వాటికి సాటి రాదు.

చివరగా, కౌంటర్ల దగ్గర పనిచేసే అమ్మాయిల గురించి చెప్పాలి. పొద్దున వెళ్లినా రాత్రి వెళ్లినా నిలబడే బిల్లు కొడుతుంటారు. పండగ రద్దీలో ఒకమ్మాయి కాలు మార్చి కాలు మీద బరువు వేస్తూ స్కాన్ చేస్తోంది. కూర్చోవచ్చు కదా అంటే, స్టూల్ లేదని చెప్పింది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి బిల్లింగ్ కౌంటర్ వెనక ఒక స్టూల్ ఉండాలన్నది నా కోరిక. లేని చోట నేను మేనేజర్‌ను అడుగుతున్నాను, ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ రాస్తున్నాను. మీరూ వెళ్లినప్పుడు అడగండి.