పుట్టినరోజుల గదిలో కృష్ణ భాంజీ: మొగల్రాజపురంలో ఒక ప్రైవేటు థియేటర్ అనుభవం

విజయవాడలో ఇప్పుడు ఏ పేటకు వెళ్లినా ఒక ప్రైవేటు థియేటర్ కనిపిస్తోంది. పది మంది పట్టే గది, ఒక తెర, ప్రొజెక్టరు, మెత్తని సోఫాలు, గోడ నిండా బెలూన్లు ఉంటాయి. గంటల లెక్కన అద్దె. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో వచ్చి, కేకు కోసి, ఫొటోలు దిగి, మిగిలిన కాసేపు ఏదో ఒక సినిమా పెట్టుకుని వెళ్లేవారే ఎక్కువ. మేము నలుగురం మాత్రం మొగల్రాజపురంలోని అటువంటి గదిని వరుసగా రెండు ఆదివారాలు తీసుకున్నది, గాంధీ సినిమాలో గాంధీగా వేసిన బ్రిటిష్ నటుడు బెన్ కింగ్‌స్లీ నటనను కుదురుగా చూడడానికి. మాకు పరిషత్తు నాటకాల పిచ్చి ఉంది; ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే పది నిమిషాలకొకసారి ఎవరో ఒకరు ఏదో ఒక పని చెబుతారు. లోపాలు కూడా రాస్తున్నాను కనుక ఆ థియేటర్ పేరు చెప్పడం లేదు.

బుకింగు ఫోనులోనే అయిపోయింది. మూడు గంటలకు 1,600 రూపాయలు, అందులో 500 ముందుగా పంపాలి. అలంకరణ వద్దన్నా ధర తగ్గదు. "ప్యాకేజీలోనే ఉందండీ, బోర్డు మీద పేరు ఏం పెట్టమంటారు సార్?" అని ఆ కుర్రవాడు రెండుసార్లు అడిగేసరికి, మాలో పెద్దవారైన మాస్టారు ఫోను అందుకుని "కృష్ణ అని పెట్టు నాయనా" అన్నారు. మేము వెళ్లేసరికి తెర పక్క గోడ మీద ఎర్ర దీపాలతో "హ్యాపీ బర్త్‌డే కృష్ణ" వెలుగుతోంది.

మాస్టారు చెప్పింది అబద్ధమేమీ కాదు. కింగ్‌స్లీ 1943 డిసెంబరు 31న ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరు కృష్ణ పండిట్ భాంజీ. తండ్రి గుజరాతీ మూలాలున్న వైద్యుడు, కెన్యాలో పుట్టినవాడు. తల్లి ఆంగ్లేయురాలు, నటి. పరాయి పేరుతో వేషాలు రావేమోనన్న భయంతోనే తొలినాళ్లలో పేరు మార్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. అలా పేరు వదులుకున్న మనిషికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిపెట్టింది చివరికి ఒక గుజరాతీ వేషమే. ఒక తెల్లవాడు గాంధీ వేషం కట్టడమేమిటని మా ఇంట్లో పెద్దవాళ్లు గొణుక్కోవడం నాకు గుర్తుంది. ఆయన సగం మనవాడని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

మొదటి ఆదివారం 1982 నాటి గాంధీ చిత్రం చూశాము. అది 191 నిమిషాల సినిమా, మేము కట్టిన అద్దె 180 నిమిషాలకు. పైగా ఓటీటీ లాగిన్ మన ఫోనులోనిదే వాడాలి కనుక దాన్ని కలపడానికే మరో పది నిమిషాలు పోయాయి. సినిమా హత్యతో మొదలై హత్య దగ్గరికే తిరిగి వస్తుంది కాబట్టి ముగింపు చూడకపోయినా ముగింపు తెలిసినట్లే అని మాస్టారు సరిపెట్టుకున్నారు గానీ, ఇంత నిడివిగల సినిమా పెట్టుకునేవారు బుక్ చేసేటప్పుడే అదనపు అరగంట అడిగి తీసుకోవడం మంచిది.

బొమ్మ విషయంలో ఆ గదికి వంక పెట్టలేను. దక్షిణాఫ్రికాలో భారతీయుల పాసులు తగలబెట్టే సన్నివేశం ఒక్కటి చాలు. పోలీసు లాఠీ దెబ్బలకు నేలకూలిన మనిషి, వణికే చేతితో ఇంకొక పాసును తీసి మంటలో వేస్తాడు. మళ్లీ దెబ్బ పడుతుంది, చెయ్యి మళ్లీ కదులుతుంది. ఆ వేళ్ల కదలిక ఇంట్లో టీవీలో నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. చిక్కంతా ధ్వనితోనే వచ్చింది. ఆ స్పీకర్లను డీజే పాటలకు అమర్చి ఉంచారు. దరువు ఉంటే గోడలు అదురుతాయి, మనిషి గొంతు తగ్గించి మాట్లాడితే మాట నేలలోకి ఇంకిపోతుంది. కింగ్‌స్లీ బలమంతా ఆ తగ్గించిన గొంతులోనే ఉంది. 1967లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అనే ఇంగ్లండు నాటక సంస్థలో చేరి, 1970లో దర్శకుడు పీటర్ బ్రూక్ వేయించిన షేక్‌స్పియర్ నాటకం ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో ప్రేమికుడు డెమిట్రియస్‌గా, 1975లో చిన్న హాలులో హామ్లెట్‌గా వేసిన నటుడు, కెమెరా ముందుకు వచ్చాక రంగస్థలపు గొంతును ఎంత పొదుపుగా ఖర్చు పెట్టాడో గమనించవలసిందే. చివరి వరుసకు వినబడాలని గుంటూరు వేదికల మీద గొంతు చించుకునే మాబోటివాళ్లకు ఇది ఒప్పుకోవడానికి కాస్త కష్టమైన పాఠం.

రెండో ఆదివారం మేము అడగకుండానే కుర్రవాడు స్పీకర్లలో దరువు తగ్గించి, ఎర్ర బోర్డు ప్లగ్గు తీసేశాడు. "కృష్ణగారు ఈసారి కూడా రాలేదాండీ?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు ముందు సెక్సీ బీస్ట్ పెట్టాము. 2000 నాటి ఆ చిత్రంలో ఆయన లండన్ రౌడీ. విమానంలో సిగరెట్ ఆర్పనని మొండికేసే చోట, గాంధీ వేషం కట్టిన మనిషే ఇతడా అని మా నాలుగో మిత్రుడు సోఫాలోంచి లేచి కూర్చున్నాడు. తరువాత 1993 నాటి షిండ్లర్స్ లిస్ట్ నుంచి కొన్ని భాగాలు వేసుకున్నాము. నాజీల బారి నుంచి యూదులను కాపాడిన జర్మను ఫ్యాక్టరీ యజమాని షిండ్లర్ కథ అది. అందులో ఆయన యూదు లెక్కల గుమాస్తా ఇట్జాక్ స్టెర్న్. మొదట షిండ్లర్ పోసిన మద్యం గ్లాసును ముట్టుకోడు. చాలా కాలం తరువాత, ఇదంతా ముగిసిన రోజున కలిసి తాగుదామనుకున్నానని షిండ్లర్ అంటే, ఇప్పుడే తాగడం మంచిదేమో అంటాడు స్టెర్న్. కన్నీరు నిండుతుంది కానీ గొంతు పెరగదు. దరువు తగ్గించినందువల్ల ఈసారి ప్రతి మాటా వినబడింది. మాస్టారు ఆ భాగాన్ని మూడుసార్లు వెనక్కి జరిపించారు.

టీవీ పని వైపు మేము పెద్దగా వెళ్లలేదు. 1960లలో కారొనేషన్ స్ట్రీట్ అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలో చిన్న వేషం వేసిన మనిషి, 2001లో, నాజీల కాలంలో డైరీ రాసిన అన్నె ఫ్రాంక్ తండ్రి ఆటో ఫ్రాంక్‌గా కూడా టీవీలో వేశారు. పోలండు యూదుడు, ఇరాను సైనికాధికారి, లండన్ దుండగుడు, మన గాంధీ: ఏ జాతికీ పూర్తిగా చెందని ముఖం కనుక పరిశ్రమ ఆయనకు అన్ని జాతుల వేషాలూ ఇచ్చింది. అందులో వరమెంత, సౌకర్యం కోసం పరిశ్రమ చేసిన సర్దుబాటెంత అన్న దాని మీద మాలో మాకే కుదరలేదు. ఆయన ఒప్పుకున్న చిత్రాలన్నీ గొప్పవేమీ కావు. అయితే 2013 నాటి ఐరన్ మ్యాన్ 3లో భయంకరమైన ఉగ్రవాదిగా కనిపించి, చివరికి డబ్బుకు వేషం కట్టిన తాగుబోతు నటుడిగా తేలే పాత్ర చూస్తే, తనకు వచ్చే వేషాల మీద తనే వేసుకున్న పరిహాసంలా నాకు తోచింది.

ఇక గది సంగతి. ఏసీ చల్లగానే ఉంది. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. బయటి తినుబండారాలు తేనివ్వరు, లోపల పాప్‌కార్న్ మెత్తబడిపోయింది. బండ్లు పెట్టడానికి చోటు లేదు, సందులోనే సర్దుకోవాలి. మాటలు ముఖ్యమైన సినిమా చూడబోతున్నామని ముందే చెబితే స్పీకర్లు సరిచేసి పెడతారు. అడగనివారికి దరువే దక్కుతుంది. పూర్తి షిండ్లర్స్ లిస్ట్ 195 నిమిషాలు కాబట్టి వచ్చే నెల నాలుగు గంటలకు మాట్లాడుకున్నాము. బోర్డు మీద ఏ పేరూ వద్దని మాస్టారే స్వయంగా చెప్పారు.