పెద్దవాళ్లకి చెవి మిషన్: నాలుగేళ్లు వాడాక

వాడింది చెవి వెనక తగిలించుకునే రకం డిజిటల్ మిషన్లు, రెండు చెవులకీ. కొలత తీసి చేయించిన మోల్డు (చెవిలో కూర్చునే అచ్చు), 13 నంబరు బ్యాటరీ. వాడుతున్నది మా నాన్నగారు. 79వ ఏట మొదలుపెట్టారు, ఇప్పుడు 83. వయసుతో వచ్చిన చెవుడు, వేళ్లకి కాస్త వణుకు, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. రోజుకి పన్నెండు, పదమూడు గంటలు పెట్టుకుంటారు. కంపెనీ పేరు రాయడం లేదు. మోల్డు సరిగ్గా కూర్చుని, ట్యూనింగ్ (చెవికి తగ్గట్టు శబ్దం సర్దడం) కుదిరి, ఇంట్లో ఒకరు రోజూ తుడిచిపెడితే ఏ మంచి కంపెనీదైనా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది.

ముందు ఈ చెవుడు ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే మిషన్ మీద పెట్టుకునే ఆశలన్నీ అక్కడే తప్పుతాయి. వయసు చెవుడు సన్నటి, కీచు శబ్దాలతో మొదలవుతుంది. అచ్చులు బాగానే వినపడతాయి. క, త, ప, చ, స, శ లాంటివి జారిపోతాయి. మన భాషలో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మాట చివర్లు చెవిన పడుతూనే ఉంటాయి, మొదళ్లు పడవు. "పప్పు", "కప్పు", "తప్పు" మూడూ ఒకటే. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోందిరా, అర్థం కావట్లేదు" అంటారు. అది సాకు కాదు, ఉన్న సంగతి అదే. గట్టిగా అరిస్తే పెరిగేది అచ్చే. జారిపోయిన హల్లు జారిపోయినట్టే ఉంటుంది, పైగా మొహం కోపంగా కనపడుతుంది.

దీన్నే ఇళ్లలో మతిమరుపు అనుకుంటారు. "శాంతమ్మత్త ఎప్పుడు పోయింది?" అని అడిగితే కాంతమ్మత్త సంగతి చెప్తారు. పక్కవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. శాంతమ్మకీ కాంతమ్మకీ తేడా ఆ మొదటి హల్లులోనే ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షకి తీసుకెళ్లినప్పుడు కూడా మిషన్లు పెట్టే తీసుకెళ్లాలి. ప్రశ్నే వినపడనివాళ్లకి మార్కులు తగ్గడం ఖాయం. వినికిడి లోపం నిజంగా మతిమరుపు జబ్బు ముప్పుని కూడా పెంచుతుంది. చక్కదిద్దుకునే వీలున్న కారణాల జాబితాలో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 2020లో దీన్నీ చేర్చింది. అలాగని మిషన్ పెడితే మతిమరుపు రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

కొనేముందు చెవిలో గుబిలి ఉందేమో ఈఎన్‌టీ డాక్టరుతో చూపించుకోవాలి. గుబిలి తీయిస్తేనే సగం బాధ పోయిన ముసలివాళ్లు ఉన్నారు. చీము, తల తిరగడం, ఒక చెవి మాత్రమే పోవడం ఉంటే మిషన్ సంగతి తర్వాత. ఒక్క రోజులో వినికిడి పోతే అది అత్యవసరం. "సర్దుకుంటుందిలే" అని ఆలస్యం చేస్తే మందు పనిచేసే అదను దాటిపోవచ్చు. ఆ తర్వాత ఆడియోగ్రాం, అంటే వినికిడి కొలిచి గీసే పటం. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూలు ఎడమ చెవి. గీత ఎడమ నుంచి కుడికి కిందికి జారుతుంటే అది పైన చెప్పిన చెవుడే. దీంతోపాటు మాటలు ఎన్ని సరిగ్గా పట్టుకోగలుగుతున్నారో చూసే పరీక్ష కూడా చేయమని అడగండి, అదీ తెలుగు మాటలతో. ఆ శాతం బాగా తక్కువగా ఉంటే ఎంత ఖరీదు మిషనైనా శబ్దం ఇస్తుంది తప్ప మాట ఇవ్వలేదు. ఆ సంగతి డబ్బు కట్టకముందే తెలియాలి.

రకం ఎంచుకునేటప్పుడు చెవికంటే వేళ్లని చూడండి. లోపలికి దూరిపోయే బుల్లి మిషన్లు పిల్లలు ముచ్చటపడి కొనిపెడతారు, "ఎవరికీ కనపడదు నాన్నా" అని. దాని 10 నంబరు బ్యాటరీ పెసరబద్దంత. వణికే వేళ్లకి అది పట్టు చిక్కదు. 312 నంబరుది కాస్త పెద్దది, కొంచెం నయం. 13 ఇంకా మందం, తడుముకుని మార్చుకోగలరు. రాత్రి పెట్టెలో పెడితే చార్జ్ అయ్యే రకం ఇంకా సులువు, కాకపోతే ఊరెళ్లినప్పుడు చార్జర్ మర్చిపోతే ఆ పెళ్లంతా మూగ సినిమాయే. చేతులు మరీ స్వాధీనంలో లేనివాళ్లకి జేబులో పెట్టుకునే పాతకాలం పెట్టె మిషన్ ఇప్పటికీ పనికొస్తుంది: పెన్సిల్ సెల్, బొటనవేలితో తిప్పే చక్రం. బట్టకి రాసుకున్నప్పుడల్లా బరబరమంటుంది, అదొక్కటే చిరాకు. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి దొరికేవి వినికిడి మిషన్లు కావు, ఒట్టి శబ్దం పెంచే డబ్బాలు. మాటనీ మిక్సీనీ ఒకే లెక్కన పెంచి ఉన్న చెవిని కూడా చెడగొట్టగలవు.

ధర ఒక్కో చెవికి ఇరవై వేల లోపు నుంచి లక్ష పైదాకా ఉంటుంది. షాపులో చానెళ్ల (శబ్దాన్ని విడదీసి సరిచేసే భాగాల) లెక్క చెప్పి పైమెట్టుకి ఎక్కిస్తారు. రోజులో ఎక్కువసేపు ఇంట్లోనే, ఇద్దరు ముగ్గురితో మాట్లాడే మనిషికి మధ్యరకం చాలు; మిగిలిన డబ్బు మంచి మోల్డుకీ, ఏడాదికోసారి పరీక్షకీ, ట్యూనింగ్‌కీ ఉంచండి. కొన్నచోట తప్ప వేరేచోట ట్యూనింగ్ చేయడానికి వీల్లేకుండా తాళం వేసిన మిషన్లు కూడా అమ్ముతారు. మాకు తగిలిందదే, రెండో ఏడు గానీ తెలియలేదు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి.

స్తోమత లేనివాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. అరవై దాటిన పేద వృద్ధులకి చేతికర్ర, వాకర్, కళ్లజోడు, కట్టుడుపళ్లతోపాటు చెవి మిషన్ కూడా శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం పనే వినికిడి, మాట లోపాలు. పరీక్షకి అటు వెళ్లొచ్చు.

మొదటి నెల గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. ఏళ్ల తరబడి వినని గిన్నెల చప్పుడు, కుళాయి ధార, ఫ్యాను, కుక్కరు కూత, న్యూస్‌పేపరు పేజీ తిప్పిన చప్పుడు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. సొంత గొంతు కుండలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. చాలా మిషన్లు బీరువాలోకి వెళ్లేది ఈ దశలోనే. మొదటి వారం రోజుకి గంట, రెండు గంటలు, టీవీ లేని గదిలో, ఒకే మనిషితో. రెండో వారం నాలుగైదు గంటలు, వంటింటి వైపు. నెలన్నరకి రోజంతా. ఈ లోపు రెండుసార్లయినా ట్యూనింగ్‌కి వెళ్లాలి, వెళ్లేటప్పుడు "బాగాలేదు" అని కాక "స్టీలు పళ్లెం మోత గుచ్చుకుంటోంది", "కోడలి మాట అందట్లేదు, కొడుకు మాట అందుతోంది" అని చెప్పాలి. ఆడియాలజిస్టుకి (వినికిడి పరీక్షించి మిషన్ సర్దే నిపుణుడికి) దేన్ని తగ్గించాలో దేన్ని పెంచాలో దానివల్లే తెలుస్తుంది. కుండ గొంతుకి మోల్డులో గాలి పోయే రంధ్రం కొంచెం పెంచితే చాలావరకు తగ్గుతుంది.

కీ మంటూ కూత వస్తే మిషన్ పాడైందని పరుగెత్తక్కర్లేదు. బయటికి కారిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్తే వచ్చే కూత అది. మోల్డు పైకొస సరిగ్గా లోపలికి తిరగకపోవడం చాలాసార్లు కారణం. తర్వాత గుబిలి. ఆ తర్వాత మిషన్‌ని మోల్డుకి కలిపే గొట్టం: మెత్తగా పారదర్శకంగా ఉండాల్సిన గొట్టం మన ఎండలకి పచ్చబడి గట్టిపడుతుంది, వంపు దగ్గర చీలుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్పించాలి, ఖర్చు తక్కువే. మనిషి బాగా చిక్కిపోయినా మోల్డు వదులవుతుంది. నాలుగేళ్లలో మేం రెండుసార్లు కొత్త మోల్డు చేయించాం. రెండోసారి కూతకి కారణం ఆయన బరువు తగ్గడమే. మోల్డు వదులైతే ఒంటి తూకం కూడా చూడండి.

బ్యాటరీలు గాలి తగిలితే పనిచేసే జింక్ రకం. వెనక రంగు స్టిక్కర్ (13కి నారింజ, 312కి గోధుమ) తీశాక ఒకటి, రెండు నిమిషాలు బయట ఉంచి అప్పుడు పెట్టాలి. తీసిన స్టిక్కర్ మళ్లీ అంటించినా లాభం లేదు, అరగడం మొదలైపోయినట్టే. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. మాకు ఒక్కోటి తొమ్మిది, పది రోజులు వస్తోంది. రెండు చెవులకి నెలకి ఆరింటి పట్టీ ఒకటి. ఒకే ఒక్క విషయంలో పట్టుదలగా ఉండాలి: బ్యాటరీ పట్టీ మాత్రల డబ్బా దగ్గర ఉండకూడదు. చూపు మందగించినవాళ్లు దాన్ని బీపీ మాత్ర అనుకుని మింగే ప్రమాదం నిజంగా ఉంది, చంటిపిల్లలు సరేసరి. మింగితే నీళ్లు తాగించి కూర్చోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి.

మన ఇళ్లలో మిషన్‌కి మొదటి శత్రువు నూనె. తలంటు నూనె, రోజూ రాసుకునే కొబ్బరినూనె మెల్లగా మైకు రంధ్రాల్లోకి పాకుతాయి, శబ్దం రోజురోజుకీ డొల్లగా అవుతుంది. నూనె రాసుకున్నాక మిషన్ లేకుండానే ఉండాలి, తలస్నానం చేసి జుట్టు ఆరాకే పెట్టుకోవాలి. చెవిలో గోరువెచ్చటి నూనె పోసే అలవాటు పూర్తిగా మానాలి. రోజూ రాత్రి పొడిబట్టతో తుడవడం, వారానికోసారి మోల్డుని గొట్టంతో సహా మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడగడం, గొట్టంలో నిలిచిన నీటిబొట్టుని రబ్బరు బుడ్డితో ఊది రాత్రంతా ఆరబెట్టడం. మిషన్‌కి మాత్రం నీళ్లు తగలకూడదు. వానాకాలంలో, కోస్తా ఉక్కపోతలో, మూత గట్టిగా పట్టే సీసాలో సిలికా జెల్ వేసి, బ్యాటరీ తీసేసి అందులో ఉంచాలి. జెల్ రంగు మారితే పని అయిపోయినట్టు. కుడికి ఎరుపు, ఎడమకి నీలం చుక్క ఉంటుంది. అరిగిపోతే గోళ్ల రంగుతో మళ్లీ పెట్టుకోవచ్చు.

పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. ఫంక్షన్ హాల్లో పనిచేయదు. సన్నాయి, మైకు, వందమంది మాటలు కలిసినచోట ఎంత మిషనైనా చేతులెత్తేస్తుంది; మిషన్ శబ్దం తగ్గించి, ఆయన గోడవైపు వీపు పెట్టి కూర్చుంటే, ఒక్కొక్కరే ఎదురుగా వచ్చి మాట్లాడాలి. పక్క గదిలోంచి పిలిచినా అంతే. మీటరు, మీటరున్నర దూరంలో, వెలుతురు మీ మొహం మీద పడేలా, ముందు పిలిచి తర్వాత మాట. రెండోసారి అదే వాక్యం చెప్పకండి, మాట మార్చండి: "పప్పు వేయనా" అందకపోతే "అన్నంలోకి కందిపప్పు" అనండి. ఫోను చెవి రంధ్రానికి కాక పైన మైకు ఉన్నచోట ఆనించాలి. స్పీకర్ ఇంకా మేలు, పెదాలు కనపడే వీడియో కాల్ అన్నిటికంటే మేలు. అమెరికాలో ఉన్న మనవలు ఫోనులో అడ్డదిడ్డంగా అరవకుండా కెమెరా ముందు కదలకుండా కూర్చోవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

ఆసుపత్రిలో చేర్చినప్పుడు మిషన్, కళ్లజోడు తీసి ఇంటికి పంపేస్తుంటారు, పోతాయని. కంగారుపడి పొంతన లేకుండా మాట్లాడే ముసలివాళ్లకి అవి రెండూ లేకపోతే అయోమయం ఇంకా పెరుగుతుంది. మూతున్న డబ్బా మీద మంచం నంబరు రాసి తలగడ పక్కన పెట్టండి, కాగితంలో చుట్టి మాత్రం పెట్టొద్దు, చెత్తబుట్టలోకి పోతుంది. ఎంఆర్‌ఐకి తప్పనిసరిగా తీయాలి.

ఇంత చాకిరీకి ఫలితం మాకు ఎక్కడ దక్కిందంటే, పాత ఆల్బమ్ దగ్గర. వినపడని మనిషి కథలు చెప్పడం మానేస్తాడు. మధ్యలో అడిగే ప్రశ్నలు అందవు కాబట్టి. మిషన్ పెట్టాక ఆల్బమ్ తిప్పడానికి మంచి వేళ పొద్దున్న టిఫిన్ అయ్యాక. సాయంత్రానికి చెవీ మనిషీ రెండూ అలిసిపోతాయి. అరగంట మించొద్దు. ఫ్యాను ఆపాలి, కిటికీ వెలుతురు ఆయన వెనకనుంచి ఫొటో మీద పడాలి, ఫొటో ఒక్కటే చేతిలో ఉండాలి. "ఈయనెవరో గుర్తుందా" అని పరీక్ష పెట్టకండి. "ఈ పెళ్లి ఎవరింట్లో?" అనండి. పేరు అందకపోతే పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపించండి. శాంతమ్మ, కాంతమ్మ గొడవ అక్కడితో తీరిపోతుంది. ఆయన చెప్పేది దాచుకోవడానికి ఫోను రికార్డింగ్‌లో, విమానం మోడ్‌లో, మడతపెట్టిన తువ్వాలు మీద, నోటికి జానెడు, జానెడున్నర దూరంలో. నేరుగా బల్ల మీద పెడితే ప్రతి చేతి తాకిడీ ఢామ్మని పడుతుంది.

చెప్పిన పేర్లు అప్పుడే ఫొటో వెనక రాసేయాలి, ఎడమ నుంచి కుడికి, మెత్తటి పెన్సిల్‌తో, మొహాలు లేని అంచు వైపు. బాల్‌పెన్ వాడితే నొక్కు ముందువైపుకి తేలి ఎవరో ఒకరి చెంప మీద గీతలా నిలబడిపోతుంది.