థాయ్ యుఫోర్బియా: కొమ్మ గుచ్చాలా, అంటు కట్టాలా, గింజ వేయాలా? ఏది మేలు?

ఒకే మోడు మీద ఎరుపు, పసుపు, తెలుపు పూలు కలిసి పూసిన యుఫోర్బియా నర్సరీలో కనిపిస్తే అది అంటు కట్టిన మొక్క. దాని పక్కనే ఒక్క పసుపు పూలతో తక్కువ ధరకు ఉండేది చాలావరకు సొంత వేరు మొక్క. కొనేటప్పుడు రెండూ బాగానే ఉంటాయి. తేడా తెలిసేది వర్షాకాలం దాటాకే.

మనం యుఫోర్బియా అని కొనేవన్నీ ఒకటి కావు. అసలు జాతి యుఫోర్బియా మిలి, పుట్టిల్లు మడగాస్కర్. దాన్ని 1821లో ఫ్రాన్సుకు చేర్చినవాడు బోర్బన్ దీవి (నేటి రీయూనియన్) గవర్నరు మిలియస్. మన వీధి గోడల మీద, గుళ్ల ఆవరణల్లో సన్న కాడలతో అల్లుకుని ఏడాది పొడవునా చిన్న ఎర్రపూలు పూసేది ఈ పాత రకమే. గుబురుగా పెరిగే పొట్టి రకాలు ఇంకొన్ని ఉన్నాయి. మూడోది లావు కాండం, పెద్ద ఆకులు, రూపాయి బిళ్ళను మించిన పూలు ఉండే సంకరం. మిలిని లోఫోగోనా అనే మరో మడగాస్కర్ జాతితో కలిపితే వచ్చిన వంశం ఇది. థాయ్‌లాండ్‌లో దీన్ని పోయ్ సియాన్ అంటారు, గుత్తికి ఎనిమిది పూలొస్తే అదృష్టమని అక్కడి నమ్మకం. కడియం నర్సరీల నుంచి మన ఊళ్లకు థాయ్ యుఫోర్బియా పేరుతో వస్తున్నది ఇదే. పాత ఎర్ర రకానికి కొమ్మ తప్ప మరో దారి ఆలోచించే పనే లేదు. విరిచి పారేసిన ముక్క కూడా బతుకుతుంది. ఏది మేలు అన్న ప్రశ్న వచ్చేది ఈ థాయ్ సంకరాల దగ్గరే.

ఏ పద్ధతికైనా ముందు పాల సంగతి చూసుకోవాలి. పొలం గట్ల మీది కాడజెముడుకు ఇది దగ్గరి చుట్టం. తెల్లటి పాలు చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకునే కత్తి పట్టండి. చర్మానికి అంటితే వెంటనే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు పోసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బ్లేడుకు అంటిన పాలు ఆరితే జిగురులా పట్టేస్తాయి కాబట్టి ప్రతి కోతకూ తడిగుడ్డతో తుడిచి, స్పిరిట్ రాయాలి.

కొమ్మతో మొక్క

కొమ్మ గుచ్చడంలో పని గుచ్చే రోజున కాదు, దానికి ముందు వారంలో జరుగుతుంది. పూత తగ్గిన, రోగం లేని కొమ్మను ఎంచుకుని చివరి నుంచి 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్క కోయాలి. చిటికెన వేలంత లావు చాలు. అంతకంటే ముదిరి గోధుమ రంగుకు తిరిగిన కాండం వేరు పట్టడానికి చాలా ఆలస్యం చేస్తుంది, మరీ లేత పచ్చ చిగురు ముడుచుకుపోతుంది. కోసిన వెంటనే కింది కొసను గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచితే పాలు ఆగుతాయి. తల్లి మొక్క మీద గాయానికి కాస్త నీళ్ళు చల్లి, ఆరాక బొగ్గు పొడి అద్దండి. ముక్కకు కింది సగంలో ఉన్న ఆకుల్నీ, ఎక్కడున్నా పూలన్నిటినీ తీసేయాలి. పూలుంచితే వేరుకు పోవాల్సిన బలం వాటికి పోతుంది.

తర్వాత ఆరబెట్టడం. సన్న కాడలకు రెండు మూడు రోజులు, థాయ్ లావు కొమ్మలకు ఐదు నుంచి ఏడు రోజులు, గాలి తగిలే నీడలో. కోత మీద గట్టి పొర కట్టి, వేలితో తాకితే పొడిగా తగలాలి. ఇక్కడ తొందరపడ్డ కొమ్మే కుళ్ళుతుంది. పచ్చి గాయం తడి మట్టిలోకి వెళ్తే బూజు లోపలికి దూరి కాండాన్ని కింది నుంచి నల్లగా, మెత్తగా చేస్తుంది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి కాబట్టి బతికిందనే అనుకుంటాం.

మట్టికి రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళ్ళు) కానీ చిన్న ఇటుక ముక్కలు కానీ. ఈ దశలో ఎరువు వద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మాత్రం కోస్తా వాళ్ళు దగ్గరికి రానీయకండి. విశాఖ, కాకినాడ గాలిలో అది ఎన్నాళ్ళకూ ఆరదు. నాలుగంగుళాల మట్టి కుండీలో 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు గుచ్చి, మట్టిని వేళ్ళతో అదిమి, పుల్ల ఆనించి కట్టండి. కదిలితే కొత్త వేరు తెగుతుంది. మొదటి తడి మూడు రోజుల తర్వాత. ఆపైన పై అంగుళం మట్టి పొడిబారాకే తడపాలి. మంచి వెలుతురు ఉండాలి కానీ మిట్టమధ్యాహ్నపు ఎండ పడకూడదు. సన్న రకం మూడు నాలుగు వారాల్లో, థాయ్ రకం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేరు పడుతుంది. పట్టిందో లేదో అని పీకి చూడటమే ఎక్కువ కొమ్మల్ని చంపుతోంది. కొత్త ఆకు విప్పుకుని, కొమ్మను మెల్లగా కదిపితే ఎదురు పట్టు తగిలిందంటే వేరు దిగినట్టే. వేళ్ళు త్వరగా రావడానికి అమ్మే వేరు పొడి వాడొచ్చు, తప్పనిసరి కాదు. ఆరబెట్టడంలో జరిగిన తప్పును ఏ పొడీ దిద్దదు.

అంటు

ఇందులో సూత్రం కొమ్మకు పూర్తిగా తలకిందులు. అక్కడ గాయం ఆరాలి, ఇక్కడ ఆరకూడదు. పాత ఎర్ర రకం కానీ, గట్టి సన్న కాండపు రకం కానీ వేరుమూలంగా, అంటే అంటుకు వేళ్ళిచ్చే కింది మొక్కగా తీసుకోండి. కుండీలో బాగా వేళ్ళూనిన, పెన్సిల్ నుంచి చిటికెన వేలి లావుండే మొక్క కావాలి. దాని మీదకు ఎక్కించే చివర 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటే చాలు. రెండింటి లావూ వీలైనంత సమానంగా ఉండాలి.

మట్టికి పది సెంటీమీటర్ల పైన మూలాన్ని అడ్డంగా కోసి, మధ్యలో 1.5 నుంచి 2 సెంటీమీటర్ల చీలిక పెట్టాలి. కట్టు పడే చోట ముళ్ళను ముందే పట్టకారుతో విరిచేయండి, లేకపోతే అవి టేపును చీలుస్తాయి. పై ముక్క కింది కొసను రెండు వైపులా ఏటవాలుగా, ఒక్కో వైపు ఒకే కోతతో చీల మొనలా చెక్కాలి. పదేపదే చెక్కితే ఉపరితలం ఎగుడుదిగుడై మధ్యలో గాలి చేరుతుంది. రెండు కోతల్నీ నీళ్ళలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డతో పాలు ఆగేదాకా అద్ది, వెంటనే చీలికలోకి దించాలి. పాలు గడ్డకట్టి పొరలా మిగిలితే రెండు కణజాలాలు కలవవు. యుఫోర్బియా అంటు విఫలమవడానికి మొదటి కారణం ఇదే. లావులు తేడాగా ఉంటే మధ్యలో పెట్టకుండా ఒక అంచుకు జరిపి, ఆ ఒక్క పక్కనైనా బెరడు కింది పచ్చ పొరలు ఎదురెదురుగా వచ్చేలా చూడండి. సాగే టేపుతో బిగించి, పైన పాలిథిన్ సంచి తొడిగి కింద కట్టాలి. సంచి లోపల తేమ ఉండాలి కానీ నీటి చుక్క కోత మీద పడకూడదు.

మొక్క నీడలో ఉండాలి. రెండు మూడు వారాలకు పై ముక్క ఇంకా గట్టిగా, పచ్చగా ఉంటే సంచికి చిన్న రంధ్రాలు చేసి, మరో వారానికి తీసేయండి. ఒక్కసారిగా తీస్తే పొడి గాలికి వాడిపోతుంది. టేపు విప్పేది ఆరో వారంలో. అంతటితో పని అయిపోలేదు, మూలం నుంచి చిగుళ్ళు వస్తూనే ఉంటాయి. వాటిని వేలితో తుంచకపోతే బలమంతా అటే పోయి, రెండేళ్ళలో మీ థాయ్ మొక్క సాదా ఎర్రపూల మొక్కైపోతుంది. అంటు మొక్క రంగు మార్చిందని మోసపోయినట్టు అనుకునేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే.

అంత శ్రమ దేనికంటే, పసుపు, తెలుపు, అంచు రంగుల పెద్ద పూల రకాల్లో కొన్నింటికి వేళ్ళు బలహీనం. ఒక ముసురు వారానికే కుళ్ళు పట్టే రకాలు గట్టి మూలం మీద నిలబడతాయి. పూత కూడా తొందరగా, ఎక్కువగా వస్తుంది. లోపం రూపంలో ఉంది: అతుకు చోట లావు తేడా కనిపిస్తుంది, గుబురు రాదు, ఈదురు గాలికి అతుకు దగ్గరే విరుగుతుంది.

గింజ

తల్లి పువ్వే కావాలంటే గింజ జోలికి పోవద్దు, పిల్ల దాని పోలికతో రాదు. కొత్త రంగు పుట్టించాలనే సరదా ఉన్నవాళ్ళకే ఇది. మనం రేకులనుకునేవి నిజానికి రంగు తిరిగిన ఆకులు, అసలు పూలు వాటి మధ్యలోని బొడిపెలో ఉంటాయి. ముందు పుప్పొడిని అందుకునే కీలాగ్రం బయటికొస్తుంది, తర్వాతే పసుపు పుప్పొడి. అందుకే రెండు వేర్వేరు మొక్కల మధ్య ఉదయం పూట సన్న కుంచెతో పుప్పొడి మార్చాలి. పెద్ద పూల రకాల్లో కొన్నింటికి కాయే నిలవదు. నిలిస్తే మూడు గదుల కాయ ఎండగానే టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపోతాయి, కాబట్టి ముందే వలగుడ్డ కట్టాలి. తాజా గింజను మూడు మిల్లీమీటర్ల లోతున వేస్తే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. నిల్వ చేసిన గింజ మీద ఆశ పెట్టుకోకండి.

మరి ఎవరికి ఏది?

మొక్క సొంత వేరు మీద ఏడాదిగా బాగుంటే కొమ్మే మేలు, థాయ్ రకమైనా సరే. ఖర్చు లేదు, గుబురు వస్తుంది, కింద ఎక్కడ విరిగినా అదే రకం చిగురు వేస్తుంది. హైదరాబాద్, అనంతపురం, కర్నూలు లాంటి పొడి చోట్ల అంటు కట్టాల్సిన అవసరం నూటికి పదిసార్లు కూడా రాదని నా లెక్క. గోదావరి జిల్లాలు, విశాఖ వైపు ఖరీదైన లేత రంగు రకం కొంటే అంటుదే కొనండి. ఇంట్లో ఉన్నది సొంత వేరుదైతే, వర్షాలకు ముందే దాని చివర ఒకటి తీసి అంటు కట్టి పెట్టుకోవడం మంచిది.

పద్ధతి కన్నా నెల ముఖ్యం. కొమ్మకు ఫిబ్రవరి, మార్చి, లేదంటే వానలు తగ్గిన అక్టోబరు, నవంబరు. జూలై, ఆగస్టుల్లో గాయం ఆరదు. మే నెల 42 డిగ్రీల వేడిలో వేరు రాకముందే కొమ్మ ముడుచుకుపోతుంది. అంటుకు గాలిలో కాస్త తేమ ఉన్నా ఫర్వాలేదు, వాన తగలని చోటుంటే వర్షాకాలం మొదట్లోనూ కట్టొచ్చు. అమెరికాలో, ఇంగ్లండులో ఉండి పెంచేవాళ్ళు రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపు కుండీని లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీలో పెట్టి నీళ్ళు బాగా తగ్గించాలి. అక్కడ కొమ్మ పని మే, జూన్‌లలోనే.

ఏ దారిన పెంచినా పెద్దయ్యాక కావలసినవి ఒకటే: రోజుకు ఐదారు గంటల నేరు ఎండ, రంధ్రాలు మూసుకుపోని కుండీ, తక్కువ నత్రజని. ఆకులు ఏపుగా వచ్చి పూలు లేవంటే నీడైనా ఎక్కువై ఉండాలి, యూరియా అయినా. కణుపుల్లో తెల్ల దూది కనిపిస్తే పిండినల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం కొట్టండి, ముందు ఒక కొమ్మ మీద చూసుకుని.

ఇక మొదలు కుళ్ళిన మొక్క చేతికొస్తే లెక్క మారుతుంది. పై నుంచి కిందికి కాకుండా, కుళ్ళు ఆగినట్టు కనిపించే చోటి నుంచి మొదలుపెట్టి, పైకి పైకి పలచగా కోస్తూ పోండి. అడ్డుకోతలో గోధుమ రంగు చుక్క కానీ వలయం కానీ కనిపిస్తే ఇంకా పైకి వెళ్ళాలి, ప్రతి కోతకూ బ్లేడు తుడుస్తూ. పూర్తిగా తెల్లగా కనిపించిన చోట ఆగి, మిగిలింది కొలవండి. ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే వారం ఆరబెట్టి గుచ్చొచ్చు. నాలుగైదే మిగిలితే గుచ్చవద్దు, వేరు వచ్చేలోపు దానిలోని నీరు చాలదు. ఆ గంటలోనే దాన్ని పాత ఎర్ర మొక్క మీద అంటు కట్టేయండి. అందుకోసమైనా వేరుమూలం కుండీలు రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.